ఐదో చుక్క

"అమ్మా, చేతులు కడుక్కున్నావా?"

అడిగింది కూతురు. ఎనిమిదేళ్ళ పిల్ల. నోటుపుస్తకానికి అట్ట వెయ్యమని తనే తెచ్చింది. తీరా తల్లి చెయ్యి చాపేసరికి పుస్తకాన్ని గుండెలకు అదుముకుని ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ అడగడంలో పొగరు లేదు, కోపం లేదు. టైమెంతయింది అన్నంత మామూలుగా అడిగింది. పక్కగదిలో మంచం మీది నుంచి నాయనమ్మ గొంతు వచ్చింది. "అలా అడగాలి బంగారం. అడిగాకే ఇవ్వు."

ఆమె లేచి వెళ్ళి కడుక్కుంది. పదకొండేళ్ళుగా కడుక్కుంటూనే ఉంది. అరచేతులు, వేళ్ళ సందులు, గోళ్ళ కింద, మణికట్టు దాకా. ఆ ఇంట్లో చేతులు కడిగే సీసాలు ఐదు చోట్ల ఉన్నాయి. వంటింట్లో ఒకటి, స్నానాలగదిలో ఒకటి, గుమ్మం పక్కన ఒకటి, అత్త మంచం దగ్గర ఒకటి, పడగ్గదిలో కిటికీ మీద ఒకటి. అన్నీ మొగుడు తెచ్చినవే. అతనికి మందుల షాపుంది. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో పెళ్ళానికని అతను విడవకుండా తెచ్చిన వస్తువు ఏదైనా ఉందంటే అదొక్కటే. ఒకసారి గులాబీ వాసనది, ఒకసారి నిమ్మ వాసనది. కడిగీ కడిగీ చర్మం పగిలి కణుపుల దగ్గర నెత్తురు చిమ్మితే, దానికీ ఒక గొట్టం మందు తెచ్చిచ్చాడు. "కడుక్కోవడం కాస్త తగ్గించు" అని మాత్రం ఏనాడూ అనలేదు.

ఇన్నాళ్ళూ అత్త అడిగింది. మొగుడు అడిగాడు. చుట్టపుచూపుగా వచ్చిన ఆడబిడ్డ కూడా గుమ్మంలో చెప్పులు విప్పకుండానే అడిగింది. రెండేళ్ళ కిందట తుంటి ఎముక విరిగి అత్త మంచాన పడ్డాక, ఆవిడ ఒళ్ళు తుడవడానికి, పక్కబట్టలు మార్చడానికి, పుండ్లకు మందు రాయడానికి మాత్రం ఈ చేతులే పనికొచ్చాయి. అప్పుడు వీటి శుభ్రం గురించి ఎవరికీ బెంగ లేదు. అయినా ఆమె సర్దుకుపోయింది. సర్దుకుపోవడం ఆడదానికి ఊపిరి పీల్చడమంత అలవాటు చేశారు కదా. కానీ కూతురు అడగడం ఇదే మొదటిసారి. తువ్వాలుకు చేతులు తుడుచుకుంటూ ఆమె అక్కడే నిలబడిపోయింది. ఈ పిల్ల పెద్దదవుతుంది. తన తల్లి చేతులు మంచివి కావని నమ్ముతూ పెద్దదవుతుంది. ఒకరోజు దీనికీ బిడ్డ పుడితే, తన చేతుల్ని తనే అనుమానంగా చూసుకుంటుంది.

పదకొండేళ్ళ కిందట ఆమెకో కొడుకు పుట్టాడు. మూడు కిలోలు, తలనిండా జుట్టు. రెండు నెలలు బాగున్నాడు. మూడో నెలలో నోట్లో తెల్లగా పూసింది. తుడిస్తే పోయేది, మర్నాటికి మళ్ళీ పూసేది. "పాలసీసా సరిగ్గా మరిగించావా?" అంది అత్త. మరిగించింది. తర్వాత విరేచనాలు పట్టుకున్నాయి. "చేతులు కడుక్కోకుండా ముట్టుకుని ఉంటావు." తర్వాత దగ్గు. ముగ్గురు డాక్టర్లకు చూపించారు. ముగ్గురూ మందులు రాసి, ఆఖర్న ఆమె వంక చూసి "శుభ్రంగా ఉండాలమ్మా" అన్నారు. ఆమె వంకే. పక్కనే కూర్చున్న మొగుడి వంక ఒక్కడూ చూడలేదు. ఐదో నెల నిండకుండానే పిల్లవాడు పోయాడు.

ఆసుపత్రి వరండాలో అత్త గుండెలు బాదుకుంటూ అంది, "తొమ్మిది నెలలు మోసింది గానీ నాలుగు రోజులు శుభ్రంగా ఉండలేకపోయింది." మొగుడు అప్పుడేమీ అనలేదు. వారం పోయాక, ఆమె దుప్పట్లు మడతపెడుతుంటే వెనక నుంచి వచ్చి, మెల్లగా, దాదాపు ప్రేమగా అన్నాడు. "అయిందేదో అయింది. నువ్వు కాస్త జాగ్రత్తగా ఉండుంటే బాగుండేది." అత్త మాట చెంపదెబ్బ లాంటిది. ఎర్రగా కందింది, పోయింది. ఈ మాట పోలేదు. పదకొండేళ్ళుగా ఎప్పుడు దుప్పటి మడతపెట్టినా ఆ మడతలో ఆ మాట ఉంటుంది.

ఇంకొకటి కూడా ఉంది. దాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు. తనకు తాను కూడా పూర్తిగా చెప్పుకోలేదు.

ఆమె పని చేసేది పెద్దాసుపత్రి వెనక, పుట్టిన పిల్లల రక్తం పరీక్షించే ల్యాబులో. పెళ్ళికి ముందు చదివిన టెక్నీషియన్ చదువు ఒకటుంటే, కొడుకు పోయిన రెండేళ్ళకు దాన్ని దులిపి బయటికి తీసింది. "ఇంట్లో కూర్చుంటే ఏడుస్తూ కూర్చుంటుంది, పోనీ" అని అత్త ఒప్పుకుంది. తొమ్మిదేళ్ళయింది. ఇప్పటికీ కాంట్రాక్టు మీదే. పుట్టిన ప్రతి బిడ్డకూ మూడో రోజున మడమ మీద చిన్న సూదిపోటు పొడిచి, మందపాటి కాగితం కార్డు మీద వరసగా ఐదు గుండ్రాల్లో ఐదు రక్తపు చుక్కలు పట్టి ఆరబెడతారు. ఆ కార్డులు కవర్లలో ల్యాబుకి వస్తాయి. కవర్లు చింపి కార్డులు వరస పెట్టే ఆవిడ పేరు కవర్లక్క. ఎండిన చుక్కలోంచి మెషిన్‌తో చిన్న బిళ్ళ కొట్టి, తొంభై ఆరు గుంటలున్న ప్లేటులో ఒక్కో గుంటలో ఒక్కో బిళ్ళ పడేలా చూసేది ఈమె. రోజంతా కాగితానికి చిల్లులు పెట్టడమే పని కాబట్టి ఈమె పేరు చిల్లులక్క. రిపోర్టు మీద సంతకాలు వేరేవాళ్ళవి. వాళ్ళు కార్డుని కంటితో కూడా చూడరు.

అయినా ఆమెకు అక్కడ హాయి. గ్లవ్స్ తొడుక్కుంటే చేతుల గురించి ఎవరూ అడగరు. ఇంకో సంగతి కూడా ఆమెకు ఇష్టం. మూడో రోజుకి పిల్లలకింకా పేరు పెట్టి ఉండరు. అందుకని కార్డు మీద తల్లి పేరు రాసి, పక్కన 'బిడ్డ' అని రాస్తారు. తండ్రి పేరుకి అసలు గడే లేదు. బయట లోకమంతా ఒక తీరు, ఆ కార్డుల గది ఒక తీరు.

మూడేళ్ళ కిందట ల్యాబుకి కొత్త పరీక్ష వచ్చింది. పెద్దమేడం, అంటే ల్యాబుకి పెద్ద డాక్టరు, అందర్నీ నిలబెట్టి చెప్పింది. "మన ఒంట్లో కాపలా కణాలుంటాయి, టి-కణాలంటారు. కాపలావాడు గుడ్డివాడైతే ఏం లాభం? అందుకని ఆ కణం ఒంటి మీద రిసెప్టర్ అనే ప్రోటీన్ ఉంటుంది, రెండు పేటలు జతగా. దానితో తడిమి చూసి మనవాడెవడో దొంగెవడో పోల్చుకుంటుంది. ఆ రిసెప్టర్ ఎవరూ తయారుచేసి ఇవ్వరు. గుండె ముందర థైమస్ అని చిన్న గ్రంథి ఉంటుంది, అక్కడ కూర్చుని ప్రతి కణం తన జన్యువు తనే కత్తిరించుకుని, ముక్కలు అతుక్కుని, తన రిసెప్టర్ తనే కుట్టుకుంటుంది. కత్తిరించగా మిగిలిన ముక్క ఉంగరంలా చుట్టుకుని లోపలే పడుంటుంది. ఆ ఉంగరం దేనికీ పనికిరాదు. మనం లెక్కపెట్టేది దాన్నే. ఉంగరాలుంటే రిసెప్టర్లు తయారవుతున్నట్టు. లేకపోతే లేనట్టు."

"అంటే ఇంట్లో మన చాకిరీ లాంటిదన్నమాట మేడం," అంది కవర్లక్క. "చేసింది ఎవడికీ కనపడదు. తొక్కలూ తుక్కూ చూసి, ఓహో వంట జరిగిందే అనుకోవాలి."

అందరూ నవ్వారు. ఈమె కూడా నవ్వింది. అప్పుడు పెద్దమేడం కాగితం చూస్తూ చదివినట్టుగా అంది. "ఉంగరాల్లేని బిడ్డ పుట్టినప్పుడు బంగారంలా ఉంటుంది. తల్లి నుంచి వచ్చిన రక్షణ రెండు మూడు నెలలు కాస్తుంది. ఆ తర్వాత నోట్లో తెల్లగా పూస్తుంది. విరేచనాలు. దగ్గు. ఎంత శుభ్రంగా ఉంచినా, ఏ మందు పోసినా తగ్గదు. ముందే కనిపెడితే బతికించొచ్చు."

ఆ పూట ఒక కార్డు మీద, ఒక చిల్లు పడాల్సిన చోట మూడు చిల్లులు పడ్డాయి.

ఆ తర్వాత మూడేళ్ళపాటు ఆమె నోరు మెదపలేదు. పిల్లవాడి కార్డు అదే భవనంలో, కింది అంతస్తు చల్లగదిలో, ఏదో పెట్టెలో ఉందని ఆమెకు తెలుసు. పుట్టిన మూడో రోజున వాడికీ మడమ పొడిచారు. అప్పట్లో ఈ పరీక్ష లేదు, వేరేవి చేసి కార్డు దాచేశారు. వెళ్ళి తీసుకురావచ్చు. ఒక్క బిళ్ళ కొడితే చాలు. కానీ, ఉంగరాలు ఉంటే? వాడి కణాలన్నీ చక్కగా రిసెప్టర్లు కుట్టుకుని ఉంటే? అప్పుడు మిగిలేది తన చేతులే. అనుమానంతో ఎలాగో బతకొచ్చు. రుజువుతో ఎలా బతకడం? రోజూ ఊరి పిల్లలందరి ఉంగరాల కోసం చిల్లులు కొట్టింది. తన పిల్లవాడి జోలికి మాత్రం పోలేదు.

కూతురు ఆ మాట అడిగిన మర్నాడు, ల్యాబు గోడ మీద నోటీసు అంటించారు. పన్నెండో ఏడు వస్తున్న కార్డుల పెట్టెలు నెలాఖరుకి కాల్చేస్తారు. ఏయే నెలల పెట్టెలో నంబర్లతో సహా రాసి ఉంది. ఆమె వేలు పెట్టి చూసుకుంది. వాడి నెల ఉంది.

మధ్యాహ్నం కవర్లక్క దగ్గరికి వెళ్ళింది. "పాత కార్డు బయటికి తియ్యాలంటే ఏం చెయ్యాలక్కా?"

"ఫారం రాయాలి. ఎవరిది?"

"నాదే."

కవర్లక్క నములుతున్నది ఆపింది. తొమ్మిదేళ్ళుగా పక్క పక్కన కూర్చున్నారు. కొడుకు సంగతి ఆవిడకు తెలుసు. "ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టు," అంది ఫారం ముందుకు తోస్తూ.

"తండ్రి సంతకం అక్కర్లేదా?"

"కార్డు మీద ఆయన పేరుందా? లేదుగా. లేనాయన సంతకం నాకెందుకు, ఫ్రేము కట్టించుకోనా? పెట్టవే తల్లీ."

పెట్టింది. ఫారం తీసుకెళ్తే పెద్దమేడం కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఉంగరాలు సున్నా వస్తే సరే. రాకపోతే ఏం చేస్తావ్?"

"కడుక్కుంటూనే ఉంటాను మేడం."

పెద్దమేడానికి అర్థం కాలేదు. అయినా సంతకం పెట్టింది.

కార్డు వచ్చింది. నీలం సిరాతో ఆమె పేరు, పక్కన 'బిడ్డ'. రక్తం ఎర్రగా లేదు, ఇటుక రంగుకు తిరిగింది. మొదటి మూడు చుక్కలూ అప్పటి పరీక్షలకే చిల్లులుపడి జల్లెడలా ఉన్నాయి. నాలుగోదీ ఐదోదీ సగం సగమే ఇంకాయి. పిల్లవాడు కాలు గుంజుకుని ఉంటాడు. నాలుగో చుక్కలోంచి ఒక బిళ్ళ, ఐదో చుక్కలోంచి ఒక బిళ్ళ, అంతే వస్తాయి. గ్లవ్స్ తీసేసి వేలితో ఒక్కసారి ముట్టుకోవాలనిపించింది. ముట్టుకోలేదు. ముట్టుకుంటే పాడవుతుందేమోనని. చూశారా, అక్కడ కూడా అదే.

నాలుగో చుక్క కొట్టింది. మర్నాటి సాయంత్రానికి ఫలితాల కాగితం వచ్చింది. తన నంబరు ఎదురుగా మొదటి గడిలో చూసింది. సున్నా. కాగితం మడిచి, బ్యాగులో పెట్టుకుని, బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దిగాల్సిన చోట దిగకుండా రెండు స్టాపులు ముందుకు పోయింది. ఇంటికొచ్చి గుమ్మం పక్కనున్న సీసా దాటుకుని లోపలికి నడిచింది. చేతులు కడుక్కోకుండా కూరలు తరిగింది. చేతులు కడుక్కోకుండా వడ్డించింది. అందరూ తిన్నారు. ఎవరూ చావలేదు.

ఆ సుఖం ఒక్క రాత్రే. పొద్దున పెద్దమేడం పిలిచింది. "రెండో గడి చూశావా?"

చూడలేదు. ప్రతి గుంటలోనూ రెండు లెక్కలు తీస్తారు. ఒకటి ఉంగరాలది, రెండోది ఏ మనిషి రక్తంలోనైనా ఉండి తీరే ఒక మామూలు జన్యువుది. రెండోది కూడా సున్నా వస్తే రోగమేమీ లేదు, అసలు ఆ గుంటలో రక్తమే లేదని అర్థం. ఆమె నంబరుకి రెండు గడుల్లోనూ సున్నాలే. ఆమెకు వెంటనే తెలిసిపోయింది. ప్లేటు తీసి మూతని దీపానికి ఎదురుగా పట్టుకుంది. మూత లోపలి వైపు, ఆవగింజకి కాస్త పెద్దది, ఇటుక రంగు బిళ్ళ అతుక్కుని ఉంది. పొడి గాలికి కాగితంలో చిన్న కరెంటు పుట్టి, బిళ్ళ గుంటలోంచి ఎగిరి మూతకు కరుచుకుంటుంది. అందుకే, బిళ్ళ కొట్టిన ప్రతిసారీ వంగి గుంటలోకి చూడమని కొత్తగా వచ్చిన ప్రతి అమ్మాయికీ ఆమే నేర్పేది. "చూడకుండా పక్క గుంటకు పోయావంటే వేళ్ళు విరగ్గొడతా" అని బెదిరించేది కూడా. తన బిడ్డ చుక్క కొట్టేటప్పుడు తను చూడలేదు. కళ్ళు మూసుకుంది.

ఎగిరిన బిళ్ళను మళ్ళీ వాడకూడదు, పక్క గుంటల రక్తం అంటుకుని ఉండొచ్చు. అది రూలు. ఆమె దాన్ని పారెయ్యలేదు. చిన్న కవర్లో పెట్టుకుంది.

సాయంత్రం గుమ్మం దగ్గర ఆగింది. సీసా నొక్కింది. నిన్న కడుక్కోని దానికి కూడా కలిపి, ఇవాళ రెండు సార్లు కడుక్కుంది. మంచం మీది నుంచి అత్త అంది, "నిన్న కడుక్కోలేదటగా, పాప చెప్పింది. ఇంత జరిగినా బుద్ధి రాదు కొందరికి." సబ్బు పగుళ్ళలోకి దిగి భగ్గుమంది. ఒక్క రాత్రి నిర్దోషిగా ఉండి మళ్ళీ దోషి కావడం ఎంత బాధో, పదకొండేళ్ళు ఏకబిగిన దోషిగా ఉన్నప్పుడు ఆమెకు తెలియలేదు.

మిగిలింది ఐదో చుక్క. అది కూడా ఎగిరిపోతే ఇంక లేదు. వారంలో పెట్టె కాల్చేస్తారు, కాల్చకపోయినా కొట్టడానికి రక్తం లేదు. మూడు రోజులు కొట్టలేదు. నాలుగో రోజు కవర్లక్క వచ్చి కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. "కానియ్. నేను మూత పట్టుకుంటా. నువ్వు కళ్ళు తెరు."

కళ్ళు తెరిచే కొట్టింది. బిళ్ళ పడింది. ఇద్దరూ వంగి గుంటలోకి చూశారు. ఉంది. అడుగున, బుద్ధిగా, కదలకుండా పడుకుని ఉంది.

ఫలితం పెద్దమేడమే తెచ్చింది. రెండో గడిలో నిండుగా పెద్ద అంకె. మొదటి గడిలో సున్నా.

"వీడికి రిసెప్టర్లు తయారు కాలేదు," అంది పెద్దమేడం. "కణాలు కాపలా కాయలేకపోయాయి. అంతే."

"నేను సరిగ్గా..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

పెద్దమేడానికి ఇప్పుడు అర్థమైంది. కార్డు మీద తేదీ చూపించింది. "ఇది మూడో రోజు రక్తం. అప్పటికి నువ్వు వాడికి ఒక్క సీసా కూడా పట్టి ఉండవు. వాడు పుట్టకముందే, నువ్వు ముట్టుకోకముందే ఇది ఇలాగే ఉంది."

"ఇది ఎవరి నుంచి వస్తుంది మేడం?"

"చాలా రకాలున్నాయి. కొన్ని తల్లి నుంచి, కొన్ని ఇద్దరి నుంచీ. ఏ రకమో ఈ పరీక్ష చెప్పదు."

"అప్పుడే ఈ పరీక్ష ఉండుంటే?"

పెద్దమేడం పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టింది. "ఎముక మూలుగ మార్పిడి చేసేవాళ్ళు. చాలామంది బతుకుతున్నారు."

ఆమె బాత్రూంలోకి వెళ్ళి గడియ వేసుకుంది. సంతోషం వస్తుందనుకుంది. పదకొండేళ్ళ బరువు దిగితే తేలిగ్గా ఉండాలి కదా. రాలేదు. దాని బదులు, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని ఆ ఇంకొకటి వచ్చింది. పిల్లవాడు పోయేముందు ఆఖరి పద్దెనిమిది రోజులు ఆమె వాణ్ని ఎత్తుకోలేదు. ఎవరూ వద్దనలేదు. తనే ఎత్తుకోలేదు. అత్త అన్నదీ డాక్టర్లు అన్నదీ నమ్మేసింది. నా చేతుల్లోనే ఏదో ఉంది, నేను దూరంగా ఉంటే వీడు కోలుకుంటాడు అనుకుంది. అత్త ఒళ్ళో వాడు దగ్గుతుంటే గుమ్మంలో నిలబడి చూసింది. వాడు తల తిప్పి తన వాసన కోసం వెతికేవాడు. దొరక్క ఏడ్చేవాడు. ఆ ఏడుపు వినకుండా వంటింట్లోకి పోయి చేతులు కడుక్కునేది. ఎత్తుకున్నా పోయేవాడే. కానీ తన భుజం మీద పోయేవాడు. పద్దెనిమిది రోజులు. ఆ పాపం అత్తది కాదా? డాక్టర్లది కాదా? వాళ్ళదే. అయినా ఆ పద్దెనిమిది రోజుల్ని వాళ్ళ దగ్గర్నుంచి ఎలా వసూలు చెయ్యాలి? ఏ గుంటలో వేస్తే ఆ లెక్క తేలుతుంది? గడియ వేసిన తలుపుకి వీపు ఆనించి, నోట్లో చెంగు కుక్కుకుని, పదకొండేళ్ళ తర్వాత ఆమె పిల్లవాడి కోసం ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఏడ్చింది తన తప్పు కోసం. వాడి కోసం ఏడవడానికి ఎవరూ తీరిక ఇవ్వలేదు.

సెలవు రోజు పొద్దున మొగుడు టీ తాగుతుంటే కాగితం ముందు పెట్టింది. అతను మందుల చీటీ చదివినట్టు పైనుంచి కిందికి చదివాడు. ఆమె చెప్పింది. రిసెప్టరు, ఉంగరాలు, మూడో రోజు రక్తం, అన్నీ వివరంగా చెప్పింది. పక్కగది తలుపు తెరిచే ఉంది.

"అంటే మీ వైపు నుంచి వచ్చిందన్నమాట," అన్నాడు.

"ఇద్దరి నుంచీ కావచ్చు. ఏ రకమో తెలీదు."

"నాకేం లేదే. నేను బాగానే ఉన్నాగా."

"నేనూ బాగానే ఉన్నాను."

"సరే, ఇప్పుడేమంటావ్? పోయినోణ్ని తవ్వితే వస్తాడా?"

"మీరొక మాట అన్నారు," అంది. "వాడు పోయిన వారానికి. నేను దుప్పట్లు మడతపెడుతుంటే."

"ఏ మాట?"

అతని మొహంలోకి చూసింది. నటించడం లేదు. నిజంగానే గుర్తు లేదు. పదకొండేళ్ళు ఆమెని లోపల్లోపల తినేసిన మాట, అన్నవాడికి అన్నట్టే గుర్తు లేదు. అరిచినా బాగుండేది. తిట్టినా బాగుండేది.

"ఏమీ లేదు," అంది.

"షాపు తెరిచి వస్తా. ఏమైనా తేవాలా?"

"సబ్బు మాత్రం వద్దు."

అతను నవ్వులాటనుకుని నవ్వి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం అత్తకి తల దువ్వడానికి కూర్చుంది. ఆవిణ్ని గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, వెనక మంచం మీద తను కూర్చుని, పల్చబడ్డ తెల్లజుట్టు చిక్కు తీస్తోంది. పొద్దున్నుంచీ అత్త ఒక్క మాటా మాట్లాడలేదు. ఆవిడ అలా ఊరుకోవడం ఆ ఇంట్లో వింత.

"ఆ రోగానికి," అంది అత్త గోడతో చెప్పినట్టు, "చెవిలోంచి చీము కూడా కారుతుందా?"

"కారొచ్చు. మనవాడికి కారలేదు కదా అత్తయ్యా."

"మనవాడి సంగతి కాదు నేనడిగేది."

దువ్వెన ఆగింది.

"మీ ఆయనకంటే ముందు ఒకడున్నాడు," అంది అత్త. "మగపిల్లాడే. నోరంతా తెల్లగా పూసింది. చెవులు కారేవి. ఆరో నెలలో పోయాడు."

"ఆయనకి తెలుసా?"

"వాడికెవరు చెప్తారు? మా అత్త ఆ ఊసే ఎత్తనిచ్చేది కాదు. నీవి పిల్లల్ని మింగే చేతులే అంది. ఏడాదిపాటు పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. తర్వాత వీడు పుడితే, వీడికి మూడేళ్ళొచ్చేదాకా ఒక్క ముద్ద నన్ను పెట్టనివ్వలేదు. ఆవిడే పెట్టేది. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని."

గుమ్మంలో నిలబడి.

అత్త దుప్పటి కింది నుంచి రెండు చేతులూ బయటికి తీసింది. ముడతలు పడి, నరాలు తేలిన చేతులు. వాటిని ఒళ్ళో పెట్టుకుని, అరచేతులు పైకి తిప్పి, కోడలి వైపు చూడకుండానే అడిగింది. "పరీక్షలు చేసేదానివి కదా. చెప్పు. మరి ఇవి?"

ఆమె దేవత కాదు. మొదట వచ్చింది జాలి కాదు, కోపం. తెలిసి తెలిసి నాకెందుకు చేశావు? నిన్ను కోసిన కత్తిని దాచి ఉంచి, పదును పెట్టి, నా మీదికి ఎందుకు తీశావు? నా పద్దెనిమిది రోజులు నీ ఒళ్ళో గడిచాయి కదా, అప్పుడైనా ఎందుకు చెప్పలేదు? ఒక్క మాట చాలు. "రక్తం చుక్క లేదు అత్తయ్యా, చెప్పలేం." అది అబద్ధం కూడా కాదు. ల్యాబులో మొదటి రూలు అదే, చుక్క లేకుండా ఫలితం రాయకూడదు. ఆ పిల్లవాడికి కార్డు లేదు, చిల్లు లేదు, ఏ చల్లగదిలోనూ తల్లి పేరుతో పెట్టె లేదు. అది ఏ జబ్బో దేవుడికి కూడా తెలియకపోవచ్చు. ఆ ఒక్క మాట అనేసి, ఈ ముసలిదాన్ని చచ్చేదాకా ఈ చేతుల్తో ఇలా కూర్చోబెట్టొచ్చు. చాలాసేపు ఆ మాట ఆమె నాలుక మీదే ఉంది.

"మీవీ కావు," అంది.

తొమ్మిదేళ్ళ కొలువులో చుక్క లేకుండా ఆమె ఇచ్చిన రిపోర్టు అదొక్కటే. క్షమించానని అనలేదు. క్షమించలేదు కూడా. దువ్వెన మళ్ళీ నడిచింది. అత్త భుజాలు కదులుతుంటే జుట్టు చేతిలోంచి జారిపోతోంది. చిక్కు దగ్గర లాగకుండా, వేళ్ళతో విడదీస్తూ జడ అల్లి ముడి వేసింది.

కూతురు గుమ్మంలోకి వచ్చింది. చేతిలో నోటుపుస్తకం. అట్ట అంచులు చిరిగిపోయాయట, మళ్ళీ వెయ్యాలట. తల్లి చెయ్యి చాచింది.

"అమ్మా, చేతులు..." అంటూనే పిల్ల అలవాటుగా నాయనమ్మ వైపు చూసింది. నాయనమ్మ తలెత్తలేదు. ఒళ్ళో ఉన్న తన అరచేతుల వంకే చూసుకుంటోంది.

"కడుక్కోలేదు," అంది తల్లి. "ఇలా రా."